జన్యు అల్గారిథమ్‌తో పరీక్షల టైమ్‌టేబుల్: క్లాష్‌లు సున్నాకి రావడం లేదు, సాయం కావాలి

హాల్‌టికెట్
అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో ఒక అటానమస్ ఇంజినీరింగ్ కాలేజీలో ఎగ్జామ్ బ్రాంచ్‌లో పనిచేస్తున్నాను. పదకొండేళ్లుగా సెమిస్టర్ పరీక్షల టైమ్‌టేబుల్ నేనే వేస్తున్నాను. ఎక్సెల్ షీటులో రంగులు నింపుకుంటూ, హెచ్‌ఓడీల (విభాగాధిపతుల) ఫోన్లకు జవాబు చెప్పుకుంటూ పది రోజులు పడుతుంది.

కిందటి డిసెంబర్‌లో ఒకమ్మాయికి రెండు పేపర్లు ఒకే రోజు, ఒకే గంటకి పడ్డాయి. ఆమె రీఅడ్మిషన్ విద్యార్థి, అంటే చదువు మధ్యలో ఆగి మళ్లీ చేరింది. పాత రెగ్యులేషన్‌లో (పాత సిలబస్ నిబంధనల్లో) మిగిలిన సబ్జెక్టు ఒకటి, కొత్త రెగ్యులేషన్‌లో రెగ్యులర్ పేపరు ఒకటి. హాల్ టికెట్ చేతికొచ్చాక గానీ ఆమెకూ తెలియలేదు, మాకూ తెలియలేదు. అప్పటికి మిగిలింది ఒక్క రాత్రే. ఒకటి రాసింది, రెండోది సప్లీకి వదులుకుంది. ఆరు నెలలు పోయాయి. ఆ షీటు వేసింది నేనే. ఇంకో పిల్లకి అలా జరగకూడదని పైథాన్ నేర్చుకుని, డీప్ (DEAP) అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీతో జన్యు అల్గారిథమ్ రాశాను: చాలా టైమ్‌టేబుళ్లతో మొదలుపెట్టి, జీవ పరిణామంలా మంచివాటిని మిగుల్చుకుని, కలిపి, మార్చి, తరం తర్వాత తరం మెరుగుపరిచే పద్ధతి.

మా లెక్క ఇది. పేపర్లు 62. పరీక్షలు 12 రోజులు, ఉదయం 10 నుంచి 1, మధ్యాహ్నం 2 నుంచి 5, అంటే 24 స్లాట్లు. ఒక్కో టైమ్‌టేబుల్ అంటే 62 అంకెల వరుస (అదే దాని జన్యువు), ప్రతి అంకె ఆ పేపరు పడిన స్లాటు. జనాభా 200, తరాలు 3000. ఒకే విద్యార్థికి రెండు పేపర్లు ఒకే స్లాటులో పడితే క్లాష్, ఒక్కో క్లాష్‌కి 1000 పెనాల్టీ. ఎన్నిసార్లు నడిపినా ఐదారు క్లాష్‌ల దగ్గర ఆగిపోతోంది. మ్యుటేషన్ (గుడ్డిగా చేసే చిన్న మార్పులు) పెంచినా, తగ్గించినా అంతే. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఉప్పల్_కోడర్
క్రాసోవర్, అంటే రెండు టైమ్‌టేబుళ్లను కలిపి కొత్తది పుట్టించే పద్ధతి, ఏది వాడుతున్నారు సార్? ఒకే చోట కోసి అతికించేదా?

హాల్‌టికెట్
అవును, వన్ పాయింట్. ట్యుటోరియల్‌లో ఉన్నది అదే.

ఉప్పల్_కోడర్
అయితే జబ్బు అక్కడే ఉంది. ఒక్క ఉదాహరణ చూడండి. తల్లి టైమ్‌టేబుల్‌లో గణితం 3వ స్లాటు, ఫిజిక్స్ 7వ స్లాటు. తండ్రిలో గణితం 7, ఫిజిక్స్ 3. రెండింట్లోనూ క్లాష్ లేదు. ఇప్పుడు పిల్లకి గణితం తల్లి నుంచి వచ్చింది, అంటే 3. ఫిజిక్స్ తండ్రి నుంచి వచ్చింది, అదీ 3. రెండు మంచి టైమ్‌టేబుళ్లు కలిసి ఒక చెడ్డదాన్ని కన్నాయి.

స్లాటు నంబరు ఒక పేరు మాత్రమే సార్. అసలు సమాచారం "ఏ పేపర్లు కలిసి ఉన్నాయి, ఏవి విడిగా ఉన్నాయి" అన్నది. మీ క్రాసోవర్ ఆ గుంపుల్ని చీల్చేస్తోంది. 1975లో జాన్ హాలండ్ ఈ పద్ధతికి పునాది వేసినప్పుడు చెప్పిన ఆశ ఏంటంటే, తల్లిదండ్రుల్లోని చిన్న చిన్న మంచి ముక్కలు పిల్లల్లో కలుస్తాయని. ముక్క ఏదో మనం సరిగా గుర్తించకపోతే అది జరగదు.

రెండు దారులున్నాయి. ఒకటి, ఫాల్కెనౌర్ ప్రతిపాదించిన గ్రూపింగ్ పద్ధతి: తల్లి నుంచి కొన్ని స్లాట్లను మొత్తంగా తీసుకుని, మిగిలిన పేపర్లను తండ్రిని చూసి సర్దడం. రెండోది ఇంకా తేలిక. జన్యువులో స్లాటు నంబర్లు వద్దు, పేపర్ల వరుసక్రమం పెట్టండి. ఆ వరుసలో ఒక్కో పేపరు తీసుకుని, క్లాష్ లేని స్లాట్లలో పిల్లల మీద అన్నిటికంటే తక్కువ భారం (పేపర్లు దగ్గరదగ్గరగా పడే ఇబ్బంది) పడేచోట పెట్టే చిన్న ఫంక్షన్ రాయండి. పరిణామం వరుసను మెరుగుపరుస్తుంది, క్లాష్ సంగతి ఫంక్షన్ చూసుకుంటుంది.

తార్నాక_గణితం
నేను డిగ్రీ పిల్లలకు గ్రాఫ్ థియరీ చెబుతాను. పైన చెప్పింది సరైనదే. దానికంటే ముందు ఒక మాట.

ప్రతి పేపరూ ఒక చుక్క. రెండు పేపర్లూ రాసే విద్యార్థి ఒక్కరున్నా ఆ రెండు చుక్కల మధ్య గీత. గీత ఉన్న చుక్కలకు ఒకే రంగు రాకూడదు. రంగు అంటే స్లాటు. 1967లోనే వెల్ష్, పావెల్ అనే ఇద్దరు ఈ రంగుల లెక్కకీ టైమ్‌టేబుల్‌కీ ఉన్న బంధాన్ని రాశారు. ఎక్కువ గీతలున్న చుక్కకి ముందు రంగు వేయడం వాళ్ల పద్ధతి. 1979లో బ్రెలాజ్ ఇంకో మెట్టు ఎక్కించాడు: చుట్టుపక్కల ఇప్పటికే ఎక్కువ రకాల రంగులు పడిపోయిన చుక్కని ముందు పట్టుకో, దానికి మిగిలిన అవకాశాలు తక్కువ కాబట్టి. డీశాట్యూర్ అంటారు. పైథాన్‌లో యాభై లైన్లు దాటదు.

హాల్‌టికెట్ గారూ, మీ దగ్గర ఒకే విద్యార్థి అత్యధికంగా ఎన్ని పేపర్లు రాయాలి?

హాల్‌టికెట్
రెగ్యులర్ ఆరు. బ్యాక్‌లాగ్‌లతో కలిపి ఒకబ్బాయికి పదకొండు ఉన్నాయి మేడమ్.

తార్నాక_గణితం
అంటే పదకొండు స్లాట్లు తప్పనిసరి. మీ దగ్గర 24 ఉన్నాయి. చాలా చోటుంది. డీశాట్యూర్ నడిపి చూడండి, నా అంచనా ప్రకారం క్లాష్ సున్నా క్షణంలో వస్తుంది. రంగుల లెక్క సాధారణ రూపంలో ఎంత కఠినమో 1972లో కార్ప్ తన 21 కఠిన సమస్యల జాబితాలోనే చూపించాడు. కానీ మీ ప్రత్యేకమైన లెక్కలో క్లాష్ తీసేయడం కష్టమైన భాగం కాదు. క్లాష్ లేని లక్షల టైమ్‌టేబుళ్లలో పిల్లలకు ఏది మేలు అన్నదే కష్టం. పరిణామ పద్ధతి శక్తినంతా ఆ పని మీద పెట్టండి.

మాదాపూర్_సాల్వర్
నేను వేరే అభిప్రాయం చెప్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు. అసలు జన్యు అల్గారిథమ్ ఎందుకు? 62 పేపర్లు చిన్న లెక్క. గూగుల్ వాళ్ల ఓఆర్-టూల్స్‌లో సీపీ-శాట్ అనే, నియమాలిస్తే జవాబు వెతికే ప్రోగ్రామ్ ఉచితంగా ఉంది. "ఈ రెండూ ఒకే స్లాటులో ఉండకూడదు" అని నియమాలు రాసి ఇస్తే చాలు. కుదరకపోతే కుదరదని రుజువుతో చెబుతుంది. జన్యు అల్గారిథమ్ ఆ మాట ఎప్పటికీ చెప్పలేదు, ఇంకో వెయ్యి తరాలు నడిపితే వస్తుందేమో అన్న ఆశ మాత్రం మిగుల్చుతుంది.

అంతర్జాతీయ టైమ్‌టేబులింగ్ పోటీ 2007లో పరీక్షల విభాగం గెలిచిన టొమాష్ ముల్లర్ పద్ధతి కూడా జన్యు పద్ధతి కాదు. నియమాలు పాటిస్తూ ముందు ఒక టైమ్‌టేబుల్ కట్టడం, తర్వాత హిల్ క్లైంబింగ్ (మేలు చేసే మార్పునే ఒప్పుకోవడం), ఆ తర్వాత గ్రేట్ డెల్యూజ్ (ఒక హద్దు లోపలి చెడ్డ మార్పుని కూడా ఒప్పుకుని, ఆ హద్దుని మెల్లగా బిగించడం). ఒక్క టైమ్‌టేబుల్‌నే పట్టుకుని చిన్న చిన్న మార్పులతో చెక్కడం. ఈ రంగంలో బాగా పనిచేసింది చాలాసార్లు ఆ దారే.

ఉప్పల్_కోడర్
నిజమే అన్నా, కాదనను. కానీ పరిణామాన్నీ చెక్కడాన్నీ కలిపిన పద్ధతి కూడా ఉంది కదా. 1995లో ఎడిన్‌బరోలో జరిగిన పాటాట్ అనే టైమ్‌టేబుల్ పరిశోధకుల మొదటి సదస్సులో బర్క్, న్యూయల్, వేర్ అనేవాళ్లు పరీక్షల టైమ్‌టేబుల్‌కి మెమెటిక్ అల్గారిథమ్ చూపించారు. ప్రతి మ్యుటేషన్ తర్వాతా ఆ టైమ్‌టేబుల్‌ని హిల్ క్లైంబింగ్‌తో ఇక చిన్న మార్పులతో మెరుగుపడనంత దాకా చెక్కి, అప్పుడే జనాభాలోకి తీసుకుంటారు. వాళ్లు క్రాసోవర్ జోలికే పోలేదు, మ్యుటేషన్‌తోనే నడిపారు. హాల్‌టికెట్ గారి అనుభవం ఎందుకలా ఉందో దాన్ని బట్టి అర్థమవుతుంది.

ఇంకో లాభం. కమిటీ ముందు ఒక్క టైమ్‌టేబుల్ పెడితే "ఇది మార్చు, అది మార్చు" అంటారు. వేర్వేరు గుణాలున్న ఐదు పెడితే ఎంచుకుంటారు. ఐఐటీ కాన్పూర్‌లో ఉన్నప్పుడు కల్యాణ్‌మయ్ దేవ్ బృందం 2002లో ప్రచురించిన ఎన్‌ఎస్‌జీఏ-2 సరిగ్గా ఆ పనికే. రెండు లక్ష్యాలు పోటీ పడుతుంటే, ఒకదాన్ని పాడుచేయకుండా ఇంకోదాన్ని మెరుగుపరచలేని టైమ్‌టేబుళ్లను వెతికి ఒక గుంపుగా ఇస్తుంది.

బ్యాక్‌లాగ్_బిడ్డ
అన్నా, నేను ఫైనల్ ఇయర్. నాకు నాలుగు సప్లీలున్నయి. మీరు రంగులు, తరాలు అని మాట్లాడుతున్నరు, మంచిదే. నా దిక్కు నుంచి ఒకటి చెప్తా.

మా ఇల్లు శంషాబాద్ అవతల. కాలేజీ ఊరికి ఇంకో దిక్కు. మధ్యాహ్నం పరీక్ష అయిదింటికి అయిపోతది. కాలేజీ బస్సు ఎల్బీనగర్‌ల దింపుతది, అక్కడికెళ్లి ఆర్టీసీ బస్సు. ఇంటికి పొయ్యేసరికి తొమ్మిది. మర్నాడు పొద్దుగాల పదింటి పేపరుకి ఆరింటికే బయల్దేరాలె. నడుమ చదువుకునే టైమెంత? హాస్టల్‌ల ఉండేటోళ్లకు ఆ తిప్పలు లేదు. మీ లెక్కల "రెండు పేపర్ల నడుమ ఒక్క స్లాటు" అని రాస్తే, నా సంగతి అందుల కనబడతదా?

హాల్‌టికెట్
తమ్ముడూ, ఈ మాట నేను ఆలోచించలేదు. నా భారం లెక్క 1996లో కార్టర్, లాపోర్ట్, లీ రాసిన పేపరులోది. ఒకే విద్యార్థి రెండు పేపర్లు వరుస స్లాట్లలో పడితే 16, ఒక స్లాటు వదిలి పడితే 8, తర్వాత 4, 2, 1. అందరివీ కూడి విద్యార్థుల సంఖ్యతో భాగిస్తారు. దాంతోపాటు నిజమైన విద్యాసంస్థల నుంచి వాళ్లు సేకరించిన 13 లెక్కల మీదే నేటికీ పరిశోధకులు తమ పద్ధతుల్ని పోల్చుకుంటున్నారు కాబట్టి, నేనూ అదే ఎత్తి పెట్టుకున్నాను.

తార్నాక_గణితం
ఆ కొలతలో స్లాట్లన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసలు. రాత్రి కనబడదు. సోమవారం ఉదయం, సోమవారం మధ్యాహ్నం: మధ్యలో ఒక గంట. సోమవారం మధ్యాహ్నం, మంగళవారం ఉదయం: మధ్యలో పదిహేడు గంటలు. రెండింటికీ 16 వేస్తే ఎలా? 2007 పోటీలో దీన్ని విడదీశారు. అదే రోజు వెంటవెంటనే రెండు పేపర్లకు ఒక పెనాల్టీ, అదే రోజు విడిగా రెండు పడితే ఇంకోటి, మొత్తం మీద దూరం తక్కువైతే ఇంకోటి. ఎక్కువమంది రాసే పేపర్లు చివరి రోజుల్లో పడినా పెనాల్టీయే, పేపర్లు దిద్దడానికి టైమ్ ఉండాలి కాబట్టి.

మీరు గంటల్లోకి మారండి. ఒక పేపరు ముగిసిన గంట నుంచి ఇంకోటి మొదలయ్యే గంట వరకు. డేస్కాలర్ అయితే ఆ గంటల్లోంచి ప్రయాణం తీసేయండి. బస్సు రూట్ల జాబితా మీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఉంటుంది కదా.

పాతబస్తీ_లెక్చరర్
రోజులన్నీ కూడా ఒకటి కాదు మరి. రంజాన్ నెలలో ఉపవాసంతో ఉన్న పిల్లలకు మధ్యాహ్నం 2 నుంచి 5 పేపరు చాలా భారం. ఇఫ్తార్‌కి ఇల్లు చేరాలన్న ఆత్రం వేరే. వీలైనంతవరకు వాళ్ల పేపర్లు ఉదయానికి లాగండి. ఇంకోటి, అనంత చతుర్దశి. బాలాపూర్ గణేశుడు చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కి బయల్దేరితే మా వైపు నుంచి ఏ బస్సూ కదలదు. ఆ రోజు సెలవు ఉంటుంది కాబట్టి సరే. మర్నాటి ఉదయం స్లాటుకి కూడా ఎక్కువ మంది రాసే పేపరు పెట్టకండి, నిమజ్జనం మర్నాడు కూడా సాగుతుంది. నేను ఇన్విజిలేషన్‌కి వెళ్తూ ట్యాంక్‌బండ్ దగ్గర చిక్కుకుపోయిన రోజు మర్చిపోలేను.

ఎల్బీనగర్_సూపరింటెండెంట్
నేనూ ఎగ్జామ్ బ్రాంచ్ మనిషినే, ఇంకో కాలేజీలో. అల్గారిథమ్ ఏదైనా కానివ్వండి, ముందు డేటా సంగతి చూసుకోండి. కిందటిసారి మీకు జరిగింది నా లెక్క ప్రకారం టైమ్‌టేబుల్ తప్పు కాదు, జాబితా తప్పు.

సప్లీ ఫీజు లేట్ ఫీజుతో కలిపి చివరి వారం దాకా కడుతూనే ఉంటారు. టైమ్‌టేబుల్ అంతకు ముందే బయటికి వెళ్తుంది. అప్పుడు మీ దగ్గరున్న "ఫీజు కట్టినవాళ్ల జాబితా" సగమే. మీరు దాంతో గీతలు గీస్తే, తర్వాత కట్టినవాళ్ల గీతలు గ్రాఫ్‌లో ఉండవు. కాబట్టి ఫీజు జాబితా వదిలేయండి. ఇప్పటిదాకా పాస్ కాని సబ్జెక్టులన్నీ, కట్టినా కట్టకపోయినా, రాస్తారనే అనుకుని గీతలు గీయండి. గీతలు ఎక్కువవుతాయి, కానీ ఆశ్చర్యం ఉండదు.

రెండోది, ఆర్18 రెగ్యులేషన్‌లో ఒక కోడ్, ఆర్22లో ఇంకో కోడ్, లోపల సిలబస్ ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే అయిన పేపర్లుంటాయి. అవి రెండు చుక్కలు కావు, ఒకే చుక్క. వేర్వేరు స్లాట్లలో పడితే ఉదయం రాసినవాళ్ల దగ్గర్నుంచి ప్రశ్నలు మధ్యాహ్నం వాళ్లకు చేరిపోతాయి. రీఅడ్మిషన్ పిల్లల సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులు (ఒక సబ్జెక్టుకి బదులుగా ఇచ్చినవి) మాత్రం ఒక్కొక్కరి ఫైలు తీసి చూడాల్సిందే, సాఫ్ట్‌వేర్‌లో ఉండవు.

హాల్‌టికెట్
సార్, మీ పోస్టు చదివి ఆఫీసుకి వెళ్లి ఆ అమ్మాయి ఫైలు తీశాను. మీరన్నదే. ఆమె సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టు ఫైలులో కాగితం మీద ఉంది, ఎక్సెల్‌లో లేదు. ఏ అల్గారిథమ్ అయినా దాన్ని చూడగలిగేది కాదు. ఈ వారమంతా రీఅడ్మిషన్ ఫైళ్లు ఒక్కొక్కటే కూర్చుని ఎక్కిస్తాను.

హాల్‌టికెట్
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. ఫైళ్లన్నీ ఎక్కించాను. ఒకే ప్రశ్నపత్రం ఉన్న కోడ్‌లు కలిపితే 62 చుక్కలు 57 అయ్యాయి. డీశాట్యూర్‌తో క్లాష్ సున్నా రావడానికి ఒక సెకను కూడా పట్టలేదు మేడమ్. మూడు నెలలు నేను కుస్తీ పట్టింది దీనితోనే.

తర్వాత వరుసక్రమం జన్యువుగా పెట్టి, ముందు పాత కార్టర్ కొలతతోనే నడిపాను, పోల్చుకోవడానికి. మొత్తం భారం నా చేతి టైమ్‌టేబుల్ కంటే బాగా తగ్గింది. సంతోషంతో కమిటీకి పంపేవాణ్ణే. పంపే ముందు ఒక్కో విద్యార్థి భారం విడిగా ప్రింట్ చేసి చూశాను. ఇద్దరికి 98 ఉంది. తెరిచి చూస్తే సోమవారం ఉదయం, మధ్యాహ్నం, మంగళవారం ఉదయం, మధ్యాహ్నం, బుధవారం ఉదయం. ఐదు స్లాట్లు, ఐదు పేపర్లు. 64, 24, 8, 2, కలిపితే 98. వాళ్లిద్దరూ బ్యాక్‌లాగ్ పిల్లలే.

మొత్తం తగ్గింది కాబట్టి అల్గారిథమ్ దీన్ని మంచి టైమ్‌టేబుల్ అంటోంది. నాకు మనసొప్పడం లేదు.

తార్నాక_గణితం
అల్గారిథమ్ మీరు అడిగిందే ఇచ్చింది. మొత్తాన్ని తగ్గించమన్నారు. నలభై మందికి తలా 8 భారం ఉంటే 320. ఇద్దరికి 98 చొప్పున ఉంటే 196. మొత్తం చూస్తే రెండోదే మేలు. అంటే ఇద్దరిని నలిపేసి నలభై మందికి సుఖం కొన్నాం.

అత్యధిక భారాన్ని మాత్రమే తగ్గించమంటే ఇంకో చిక్కు వస్తుంది. చాలా మ్యుటేషన్లు ఆ ఒక్క విద్యార్థిని తాకవు, కొలత కదలదు, ఎటు వెళ్లాలో పరిణామానికి తెలియదు. మధ్యేమార్గంగా ఒక్కొక్కరి భారాన్ని వర్గం చేసి (ఆ అంకెని దానితోనే గుణించి) కూడండి. నలభై మంది 8లు: 40 × 64 = 2560. ఇద్దరి 98లు: 2 × 9604 = 19208. ఇప్పుడు తూకం ఎటు మొగ్గిందో చూడండి. అందరూ లెక్కలో ఉంటారు, బరువు ఎక్కువ మోసేవాళ్ల గొంతు ఎక్కువ వినిపిస్తుంది.

మాదాపూర్_సాల్వర్
ఇక్కడ నేను మేడమ్‌తో ఏకీభవిస్తున్నాను. సీపీ-శాట్‌లో వర్గాలు రాయొచ్చు గానీ లెక్క బరువెక్కుతుంది. కొలతని ఇలా మార్చి మార్చి చూడాలనుకున్నప్పుడు పరిణామ పద్ధతికి సౌలభ్యం ఉంది, ఫంక్షన్ ఒక్కటి మారిస్తే చాలు. ఒక్క సలహా. మ్యుటేషన్‌గా కెంపె గొలుసు పెట్టండి. 5వ స్లాటులోని డీబీఎంఎస్‌ని 9కి పంపాలి. 9లో ఆపరేటింగ్ సిస్టమ్స్‌తో దానికి గొడవ ఉంది, అయితే అది 5కి వస్తుంది. దానికి 5లో ఇంకెవరితోనైనా గొడవ ఉంటే ఆ పేపరు 9కి వెళ్తుంది. గొడవలు ఆగేదాకా ఇలా మార్చుకుంటూ పోతే ఎక్కడా కొత్త క్లాష్ పుట్టదు.

తార్నాక_గణితం
1879లో కెంపె, ఏ పటానికైనా నాలుగు రంగులు చాలనే నాలుగు రంగుల సిద్ధాంతానికి ఇచ్చిన రుజువులోది ఆ గొలుసు. 1890లో హీవుడ్ ఆ రుజువులో లోపం చూపించాడు. రుజువు పోయింది, గొలుసు నిలిచింది. ప్రతి ఏడూ ఈ కథ క్లాసులో చెబుతాను.

ఎల్బీనగర్_సూపరింటెండెంట్
వానల సంగతి కూడా ఆలోచించండి. 2020 అక్టోబర్ లాంటి వాన వస్తే ఒక రోజు పరీక్షలు వాయిదా వేయాల్సిందే. అప్పుడు మొత్తం మళ్లీ నడిపితే పూర్తిగా కొత్త టైమ్‌టేబుల్ వస్తుంది, పిల్లలు కంగారు పడతారు. వాయిదా పడ్డ పేపర్లను తప్ప మిగతావాటిని కదిపితే పేపరుకింత అని భారీ పెనాల్టీ వేసే ఇంకో పద్ధతి ఇప్పుడే రాసి పెట్టుకోండి. వాన వచ్చిన రాత్రి కోడ్ రాయలేరు.

హాల్‌టికెట్
అందరికీ చేతులెత్తి దండం. మూడు వారాల తర్వాత వివరం చెబుతున్నాను.

గంటల కొలత, డేస్కాలర్ల ప్రయాణం, వర్గాల మొత్తం, కెంపె గొలుసు, అన్నీ పెట్టాను. ఎన్‌ఎస్‌జీఏ-2తో వచ్చినవాటిలో మూడు టైమ్‌టేబుళ్లు కమిటీ ముందు పెట్టాను. మొదటిదాంట్లో మొత్తం భారం తక్కువ. మూడోదాంట్లో అత్యధిక భారం తక్కువ, పరీక్షలు మాత్రం పన్నెండో రోజు మధ్యాహ్నం దాకా సాగుతాయి. రెండోది మధ్యస్థం. ఒక హెచ్‌ఓడీ మొదటిదే వేయమన్నారు, ముందే అయిపోతుందని. నేను ఆ డిసెంబర్ హాల్ టికెట్ కాపీ, మొదటి టైమ్‌టేబుల్‌లో అందరికంటే ఎక్కువ నలిగే విద్యార్థి ఐదు రోజుల షెడ్యూలు పక్కపక్కన పెట్టి చూపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మూడోది ఖాయం చేశారు.

పదకొండు పేపర్ల అబ్బాయికి ఒకే రోజు రెండు పేపర్లు ఎక్కడా లేవు. పన్నెండు రోజుల్లో పదకొండు రోజులు, రోజుకొకటి. ఇంతకంటే విడదీయడం ఎవరి వల్లా కాదు. నిన్న నోటీసు బోర్డులో పెట్టాం.

బ్యాక్‌లాగ్_బిడ్డ
సార్, ఆ పదకొండు పేపర్లాయన ఎవరో గాని, ఆయనకు నా తరఫున ఆల్ ది బెస్ట్ చెప్పుండ్రి. మీ కోడ్ మా కాలేజీ ఎగ్జామ్ బ్రాంచోళ్లకు ఇస్తరా? మా సీఓఈ (పరీక్షల కంట్రోలర్) సార్‌ను నేనే అడుగుత.

హాల్‌టికెట్
తప్పకుండా తమ్ముడూ. విద్యార్థుల వివరాలు తీసేసి, ఖాళీ ఎక్సెల్ నమూనాతో ఆదివారం ఇక్కడే పెడతాను. రీఅడ్మిషన్ షీటు మొదటి పేజీలో ఉంటుంది. అది నింపకుండా ప్రోగ్రామ్ మొదలవ్వదు, అలా రాశాను.